కబురు మోయనన్నవాడి కొడుకు

దామోదర్ పరుగు నేర్చుకున్నది పతకాల కోసం కాదు, తన్నులు తప్పించుకోవడానికి. పుంగనూరులో ఒక హైస్కూల్లో డ్రిల్లు అయివారుగా చేరిన మొదటి రోజే ఈ మాట పిల్లలకు చెప్పాడు. పిల్లలు పగలబడి నవ్వారు. అయివారు హాస్యమాడుతున్నాడనుకున్నారు పాపం. అతను జీవితంలో హాస్యమాడింది తక్కువ, చెయ్యి చేసుకుంది ఎక్కువ. కోపమొస్తే ముందు చెయ్యి లేచేది, ఆ తర్వాత మాట వచ్చేది.

ఆ కోపం తండ్రి ఇచ్చిన ఆస్తి. తండ్రి మారప్పది నిమ్మనపల్లె దగ్గర బండకాడపల్లె. భూములున్నవాళ్లంతా మీది వీధిలో ఉండేవారు. వాళ్ల చేలల్లో కూలికి పోయే మారప్ప లాంటివాళ్లు దిగువ ఇండ్లలో ఉండేవారు. మీది వీధిలో ఎవరు చచ్చినా చుట్టాల ఊళ్లకు చావు కబురు మోయవలసింది మారప్ప ఇంటి మగవాళ్లే. తాత మోశాడు, ముత్తాత మోశాడు. దానికి పద్ధతులున్నాయి. దూరమైతే బస్సెక్కవచ్చు గానీ, దిగిన చోటి నుంచి ఊళ్లోకి పరుగెత్తే పోవాలి. నడిచిపోతే చచ్చినవాళ్లకు అవమానమట. కబురు చెప్పేదాకా కూర్చోకూడదు, నీళ్లు తాగకూడదు. విన్నవాళ్లు దుఃఖం పట్టలేక నాలుగు పీకితే పడాలి. అది కొట్టడం కాదట, ఏడవడమట. ఏడుపు ఎవరిదో, చెంప ఎవరిదో!

అట్లా ఏడ్చినవాళ్లలో అందరికన్నా గట్టిగా ఏడ్చినవాడు నల్లప్ప. మీది వీధి గోవిందప్ప భార్య పురిటిలో పోయినప్పుడు, ఆమె పుట్టింటికి కబురు మోసింది మారప్పే. ఆ ఊరు కుప్పం పక్కన, గుడుపల్లె దగ్గర. తల్లి మునెమ్మ కబురు విని కూలబడింది. అన్న నల్లప్ప మాత్రం మారప్ప మూతి మీద గుద్దాడు. రెండు పళ్లు రాలాయి. మారప్ప వాటిని తుండుగుడ్డలో మూటగట్టుకుని ఇంటికి తెచ్చాడు. పెళ్లాం రాములమ్మ చూసి ఏడ్చింది. మారప్ప ఏడవలేదు. ఇంక జన్మలో కబురు మోయనని ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాడు.

ఆ తర్వాతి చావులకు పాలివాళ్లను పంపి తాను తప్పుకున్నాడు. ఒట్టుకు అసలు పరీక్ష తొంభై ఒకటిలో వచ్చింది. గోవిందప్ప తల్లి పోయింది. మనిషి వచ్చి పిలిస్తే మారప్ప మీది వీధికి వెళ్లాడు, శవం ముందు దండం పెట్టాడు, నిలబడే చెప్పాడు.

"నిమ్మనపల్లెలో ఫోను ఉండాది. మీ ఇంట్లో మోటారుసైకిలు ఉండాది. నేను పోనప్పా."

గోవిందప్ప తల్లి చచ్చిన దుఃఖంలో ఉన్నాడు గదా, ఏడ్చాడు. అంటే, గోడకు ఆనించిన దుడ్డుకర్ర అందుకుని మారప్ప మోకాలి మీద కొట్టాడు. మొదటి దెబ్బకు మారప్ప పడ్డాడు. రెండో దెబ్బకు ఎముక విరిగిన చప్పుడు వీధి చివరిదాకా వినిపించింది. మూడో దెబ్బ ఎందుకు కొట్టాడో ఆ దేవుడికే తెలియాలి. పదమూడేళ్ల దామోదర్ అదంతా చూశాడు. చేతికందిన రాయి విసిరాడు. అది గోవిందప్ప చెవికి తగిలి రక్తం కారింది. ఆ తర్వాత నలుగురు మనుషులు వెంటపడితే టమేటా తోటల్లోంచి, కట్టెలు గీరుకుపోతున్నా ఆగకుండా, నిమ్మనపల్లె బస్టాండు దాకా పరుగెత్తాడు. ఎవరికీ చిక్కలేదు. తనకు పరుగొచ్చని అతనికి తెలిసింది అప్పుడే.

మారప్ప మోకాలు మళ్లీ వంగలేదు. కానీ దిగువ ఇండ్ల నుంచి మళ్లీ ఎవరూ కబురు మోయలేదు. అవిటి కాలితో ఊళ్లో తలెత్తుకుని తిరిగిన మనిషిని చూడాలంటే అతన్నే చూడాలి.

గోవిందప్పకు ఒకే కొడుకు, చైతన్య. దామోదర్ ఈడువాడే, ఒకే బడి. తండ్రి మీద తీర్చుకోలేనిది కొడుకు మీద తీర్చుకోవాలని దామోదర్ ఒకనాడు బడి వెనక కాచి, క్రికెట్ వికెట్టుతో వాడి తల పగలగొట్టాడు. ఇక ఊళ్లో తమ ఇల్లు ఉండదని భయపడ్డాడు. చైతన్య ఇంట్లో సైకిలు మీద నుంచి పడ్డానన్నాడు. వారం తర్వాత కట్టుతోనే బడికొచ్చి, అదే వికెట్టు తీసుకుని దామోదర్ వీపు మీద వాతలు తేలేలా నాలుగు అంటించాడు.

"మా నాయనకు చెప్పుంటే మీ ఇల్లు కాల్చేసుంటాడు. అందుకే నేనే కొట్టుకుంటాండా. ఇంగ చాలా?" అన్నాడు.

"చాల్లే," అన్నాడు దామోదర్, వీపు తడుముకుంటూ.

అట్లా మొదలైంది స్నేహం. మదనపల్లెలో కాలేజీ చదివేటప్పుడు ఇద్దరూ తెల్లవారుజామున గ్రౌండు చుట్టూ పోటీలు పడి పరుగెత్తేవారు. ఓడిపోయినవాడు గెలిచినవాణ్ణి తన్నేవాడు. దిగువ ఇండ్లలో అన్నం తిన్నాడని గోవిందప్ప ఒకసారి చైతన్యను బెల్టుతో బాదాడు. చైతన్య ఆ సాయంత్రమే చొక్కా విప్పుకుని, అందరూ చూసేలా, మళ్లీ దామోదర్ ఇంటికొచ్చి కూర్చుని సంగటి తిన్నాడు. మారప్ప మాత్రం వాడితో ఒక్క మాటా మాట్లాడలేదు. వాడు వస్తే లేచి బయటికి పోయేవాడు.

చైతన్యకు ఒకటే గొప్ప. "మదనపల్లె నించి కుప్పం దాకా పరిగెత్తుతా సూడు. దావలో మా అవ్వ ఇంటి మీద పోతాము. మునెమ్మ మనవడంటే ఏమనుకున్నావు?" అనేవాడు. తల్లి లేని పిల్లవాడు, అమ్మమ్మ పెంచిన పిల్లవాడు. సెలవులిస్తే చాలు గుడుపల్లె బస్సెక్కేవాడు.

రెండువేల మూడులో వాడికి బ్లడ్ క్యాన్సర్ వచ్చింది. మదనపల్లెలో ఎరువుల అంగడి పెట్టుకుని ఇంకా రెండేళ్లు కాలేదు. బెంగుళూరు ఆస్పత్రిలో ఏడాది పడుకున్నాడు. జబ్బు వాడిని నిదానంగా చంపలేదు, తన్ని తన్ని చంపింది. చిగుళ్ల నుంచి రక్తం, ముక్కు నుంచి రక్తం, ఒళ్లంతా నల్లగా కమిలిన మచ్చలు. మందు ఎక్కించిన రోజు వాడికి పూనకం వచ్చినట్టయ్యేది. ఒకనాడు సూది పీకేసి, సెలైను కట్టెతో దామోదర్ భుజం మీద కొట్టాడు. "నువ్వెందుకు బాగుండావురా! నీకెందుకు రాలేదురా!" అని అరిచాడు. దామోదర్ కొట్టించుకున్నాడు. ఆ తర్వాత చైతన్య వాంతి చేసుకుంటే దోసిలి పట్టాడు.

చివరి రోజుల్లో పక్క మంచం మీది పిల్లవాడిని వాళ్లమ్మ వైద్యం మానిపించి ఇంటికి తీసుకుపోయింది. బస్సు చార్జీలకు, మందులకు లేక. చైతన్య గోడ వైపు తిరిగి పడుకున్నాడు. తర్వాత అన్నాడు.

"రేయ్, కుప్పం పరుగు నువ్వు పరిగెత్తు. ఊరూరా అడుగు. ఇట్లాంటోళ్లకు ఇప్పించు. నా పేరు సెప్పు, ఏమీ సిగ్గుపడొద్దు."

"పరిగెత్తుతా," అన్నాడు దామోదర్. రెండువేల నాలుగు ఆగస్టులో చైతన్య పోయాడు. గోవిందప్ప కొడుకు చితి ముందు నేలకేసి తల కొట్టుకుంటే దామోదర్ చూస్తూ నిలబడ్డాడు. జాలిపడాలో సంతోషించాలో తెలియక తన మీద తనకే అసహ్యం వేసింది.

ఏడాది తిరిగేసరికి పుంగనూరు, మదనపల్లె అయివార్లు కొందరు చేరి పరుగుకు ఏర్పాట్లు చేశారు. సీలు వేసిన హుండీ డబ్బాలు, వాటిని మోయడానికి గంగులయ్య అనే ఆయన ఆటో, ముందు చైతన్య బొమ్మ అచ్చువేసిన తెల్ల బనియను. ఐదు రోజుల్లో మదనపల్లె నుంచి పుంగనూరు, పలమనేరు, వీకోట మీదుగా కుప్పం. బయల్దేరే ముందు దామోదర్ ఆ బనియను తండ్రికి చూపించాడు. అదీ అతని తెలివి.

మారప్ప సంగటి తింటున్నాడు. తట్ట విసిరికొట్టాడు. అది గోడకు తగిలి సొట్టపోయింది.

"ఊరూరా పరిగెత్తి గోవిందప్ప ఇంటి సావు సెప్తావా? దీనికేనా నేను మోకాలు ఇరగ్గొట్టించుకునింది?"

"అది కబురు గాదు నాయనా. జబ్బు మనుషుల కోసరం..."

"బొమ్మ ఎవురిది? పరిగెత్తేది ఎవురు? నా కొడుకు! ఇంగ దాన్ని ఏ పేరుతో పిలిస్తే ఏమిరా?" ఊతకర్ర ఎత్తి కొడుకు భుజం మీద కొట్టాడు. రాములమ్మ అడ్డం వస్తే ఆమెను తోసేశాడు. రెండోసారి కొట్టబోతే దామోదర్ కర్ర పట్టుకున్నాడు. తండ్రీ కొడుకులు చెరో కొస పట్టుకుని, కళ్లలోకి కళ్లు పెట్టి చూసుకున్నారు. దామోదర్ గట్టిగా లాగితే ముసలాయన పడిపోతాడు. అతను వదిలేశాడు.

"పోతే పో," అన్నాడు మారప్ప రొప్పుతూ. "నేను సచ్చిన్నాడు నా పీనుగు మింద చెయ్యి ఎయ్యొద్దు. కొడుకు లేడని ఊళ్లోవాళ్లతో తీయించుకుంటా."

మాట అన్నాక వెనక్కి తీసుకునే మనిషి కాదు మారప్ప. ఆ సంగతి అతని మోకాలే చెబుతుంది. చచ్చినవాడికిచ్చిన మాట నిలబెడితే బతికున్న తండ్రి పోతాడు. తండ్రిని నిలుపుకుంటే ఆ పక్క మంచం పిల్లవాడి ముఖం నిద్రపోనివ్వదు. దామోదర్ మర్నాడు పొద్దున్నే మదనపల్లెలో పరుగు మొదలుపెట్టాడు. మొదటి పది కిలోమీటర్లు ఏడుస్తూనే పరుగెత్తాడు.

టౌన్లలో చప్పట్లు కొట్టారు, డబ్బాల్లో వేశారు, దండలేశారు. పల్లెల సంగతి వేరు. పలమనేరు దాటాక ఒక పల్లెలో అరుగు మీది ముసలామె అతన్ని చూడగానే మనవలను లోపలికి లాక్కుని తలుపేసుకుంది. ఇంకొక చోట ఒకాయన మట్టిగడ్డ విసిరాడు. "యా ఊరి సావురా? మా ఊళ్లోకి రావొద్దు, దావ బట్టి పో!" గడ్డ డొక్కలో తగిలింది. దామోదర్ ఆగి, వెనక్కి పోయి, అతని చొక్కా కాలరు పట్టుకున్నాడు. కొట్టేవాడే. గంగులయ్య ఆటో దిగి వచ్చి, "వద్దయివారూ, మనం అడుక్కునేదానికి వచ్చినాము," అని చేతులు విడిపించాడు. ఆ రోజంతా దామోదర్‌కు తండ్రి మాటలే చెవుల్లో మోగాయి. తాను ఏమనుకుంటే ఏం లాభం, చూసేవాళ్లకు తాను ఎవరో వాళ్లే తేల్చేశారు.

ఐదో రోజు శాంతిపురం దాటాక కుప్పం రోడ్డు వదిలి గుడుపల్లె వైపు తిరిగాడు. చుట్టుదారే. కానీ అవ్వ ఇంటి మీదుగా పోదామన్నది చైతన్య కోరిక. పోయి ఏడాదైంది, ఆమెకు ఈపాటికి కళ్లనీళ్లు ఇంకిపోయుంటాయి, మనవడి పేరు చెప్పుకుని పరుగెత్తితే సంతోషిస్తుంది అనుకున్నాడు.

ఆమెకు చెప్పనే లేదని అతనికి తెలియదు. మునెమ్మది బలహీనమైన గుండె. వింటే ఆగిపోతుందని గోవిందప్ప, నల్లప్ప కూడబలుక్కుని ముందు జబ్బు సంగతి, తర్వాత చావు సంగతి దాచారు. చైతన్య దుబాయిలో పనికి కుదిరాడని చెప్పారు. ఏడాదిగా ఆ ఇంట్లో అదే నాటకం. ఈ సంగతి బండకాడపల్లెలో మీది వీధి ఆడవాళ్లకు తెలుసు. వాళ్ల ఇళ్లలో పనికి పోయే రాములమ్మ చెవిలో నాలుగో రోజు సాయంత్రం పడింది. కొడుకు ఆ అవ్వ ఇంటి మీదుగానే పోతానని ఆమెతో చెప్పి వెళ్లాడు. ఆమె గుండెలు బాదుకుంటూ వచ్చి మొగుడితో చెప్పింది. మారప్ప కర్ర తీసుకుని, తెల్లవారుజామున మొదటి బస్సెక్కాడు. నల్లప్ప ఎట్లా ఏడుస్తాడో అతని రెండు పళ్లకు తెలుసు.

దామోదర్ ఆ వీధిలోకి పరుగెత్తుకుంటూ వచ్చేసరికి పది గంటలైంది. నల్లప్ప ఇంటి ముందు వేరుశనక్కాయలు ఆరబోస్తున్నాడు. పక్కనే తమ్ముడు. నల్లప్ప బనియను మీద బొమ్మ చూశాడు. పరుగెత్తేవాడు ఎవరి కొడుకో పోలిక చూసి పట్టాడు. గోనెసంచి వదిలేసి ఎదురొచ్చాడు.

"ఆగరా! ఈడికి యాల వచ్చినావు?"

"అవ్వను సూసి పోదామని మామా..."

మామా అన్న మాట పూర్తయిందో లేదో, నల్లప్ప పిడికిలి ముఖం మీద పడింది. దామోదర్ వెల్లకిలా పడ్డాడు. తమ్ముడు వచ్చి బనియను చింపడానికి పట్టుకున్నాడు. దామోదర్ వాడి కడుపులో తన్ని లేచాడు. లేచి నల్లప్ప గొంతు పట్టుకున్నాడు. ఇన్నేళ్ల కోపం, తండ్రి మోకాలు, తండ్రి పళ్లు, డొక్కలో తగిలిన మట్టిగడ్డ, అన్నీ ఆ చేతుల్లోకి వచ్చాయి. నల్లప్ప కళ్లు తేలేశాడు. వెనక నుంచి తమ్ముడు ఇటుక తీసుకుని దామోదర్ కణత మీద కొట్టాడు. ఆ తర్వాత ఇద్దరూ కలిసి కింద పడేసి కాళ్లతో తన్నారు. అడ్డం వచ్చిన గంగులయ్యను ఆటో మీదికి తోస్తే ముందు అద్దం పగిలి అతని మోచెయ్యి చీరుకుపోయింది.

మారప్ప బస్సు దిగి, వీధి మొదట్లో అది చూశాడు. వంగని కాలితో పరుగెత్తాడు. మనిషి అట్లా పరుగెత్తడం దామోదర్ కింద పడి ఉండి కూడా చూశాడు. రాగానే ఊతకర్ర రెండు చేతులతో తిప్పి తమ్ముడి మణికట్టు మీద కొట్టాడు. వాడు ఇటుక వదిలేసి చెయ్యి పట్టుకుని కేక పెట్టాడు. తర్వాత కర్ర మొన నల్లప్ప గుండెకు ఆనించాడు.

"వాణ్ణి ముడితే సంపేస్తా నల్లప్పా. నాకు పోయేదానికి ఏమీ లేదు, సూసుకో."

అప్పుడు తలుపు దగ్గర నుంచి మాట వినిపించింది. "ఎవుర్రా అది? మారిగాడు గదా?"

మునెమ్మ గోడ పట్టుకుని బయటికొచ్చింది. బక్కపలచని ముసలామె, కళ్ల మీద చెయ్యి అడ్డం పెట్టుకుంది. అందరూ ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయారు.

"ఏమీ లేదమ్మా, లోపలికి పో," అన్నాడు నల్లప్ప గొంతు పట్టుకుని దగ్గుతూ.

ఆమె వినలేదు. నేల మీది దామోదర్ దగ్గరికి వచ్చి చూసింది. "ఈ అంగీ మీద ఉండేది మా చైతన్య గదా. వాని బొమ్మ ఏసుకోని మీ పిల్లోడు యాల పరిగెత్తుకోని వచ్చినాడు?" ఒక్కొక్కరి ముఖం చూసింది. నల్లప్ప తల దించుకున్నాడు. తమ్ముడు పక్కకు తిరిగాడు.

దామోదర్ చెబుదామని నోరు తెరిచాడు. రక్తం వచ్చింది. మారప్ప కర్ర కింద పడేసి, కొడుకు నోటికి అరచెయ్యి అడ్డం పెట్టాడు.

"నువ్వు సెప్పొద్దు," అన్నాడు. "మన ఇంట్లో ఈ మాట నాతోనే ఆఖరు."

లేచి నిలబడ్డాడు. పధ్నాలుగేళ్ల కిందట చచ్చినా చెప్పనన్న మాటను, కాలిచ్చి తప్పించుకున్న మాటను, ఆ వీధిలో నిలబడి చెప్పాడు.

"మీ మనవడు లేడమ్మా. పోయి ఏడాదాయ. రక్తంలో జబ్బు. నా కొడుకు కడదాకా వానికాడ్నే ఉన్నాడు."

ఆమె చెయ్యి లేచి మారప్ప చెంప మీద ఫెళ్లున పడింది. దామోదర్ లేవబోయాడు. మారప్ప వెనక్కి చెయ్యి చాచి ఆపాడు. ఆమె మళ్లీ కొట్టింది, మళ్లీ కొట్టింది. చెయ్యి అలసిపోయాక అదే మనిషి గుండె మీద తల పెట్టి ఏడ్చింది. ఆమె గుండె ఆగలేదు. ఆగుతుందన్నవాళ్లే ఆమెను ఏడాది పాటు ఎండబెట్టారు.

ఏడుపు మధ్యలోనే కొడుకు వైపు తిరిగింది. "నా ముందర కూసోని దుబాయి కతలు సెప్తివే! నేను వానికి ఊరగాయ పెట్టి పంపిస్తే ఎవురు తింటిరిరా?" మారప్ప ఊతకర్ర నేల మీది నుంచి అందుకుని నల్లప్పను కొట్టింది. నల్లప్ప కదలకుండా కొట్టించుకున్నాడు. అతని కళ్ల నుంచి కూడా నీళ్లు కారుతున్నాయి.

మారప్ప నీళ్ల తొట్టి దగ్గర తుండు తడిపి కొడుకు ముఖం తుడిచాడు. కణత మీద తలగుడ్డ చించి కట్టాడు. పనివాడి చేతులు, మెల్లగా తుడవడం వాటికి రాదు. నొప్పికి దామోదర్ మూలిగాడు.

"ఇంగ పో. కుప్పంలో కాసుకోని ఉంటారు."

"నువ్వు?"

"ఈమెకాడ కూసుంటా. ఒంటిగా వదిలిపెట్టి పోతారా ఎవురైనా?" అని కసిరాడు. దామోదర్ ఇంకా నిలబడే ఉంటే, "నా పీనుగు నువ్వే తీద్దువులే, పో!" అని తరిమాడు.

కుప్పం చేరేసరికి మూడు దాటింది. ఒక కన్ను మూసుకుపోయింది, డొక్కలో ఊపిరి అందడం లేదు. సగం నడక, సగం పరుగు. దారిలో పడ్డాడేమోననుకుని పిల్లలు ఇంకా గట్టిగా చప్పట్లు కొట్టారు. మైకు ఇస్తే చైతన్య పేరు, వాడి జబ్బు పేరు, పక్క మంచం పిల్లవాడి సంగతి చెప్పాడు. దవడ వాచి మాట సరిగా రాలేదు. డబ్బాలు నిండాయి. దండ తీసి పక్కన పెట్టి, అద్దం లేని ఆటోలోనే వెంటనే వెనక్కి బయల్దేరాడు.

వీధిలో ఎండ వాలిపోయింది. వేరుశనక్కాయలు ఎవరూ ఎత్తలేదు. మునెమ్మ, మారప్ప గోడ నీడలో చాపమీద కూర్చుని ఉన్నారు. ఆమె చైతన్య చిన్నప్పటి సంగతులు చెబుతోంది. మూడేళ్లప్పుడు దూడ తోక పట్టుకుని ఊరంతా ఎట్లా ఈడ్చుకుపోబడ్డాడో, జాతరలో తప్పిపోయి ఎవరి ఒళ్లో నిద్రపోయాడో. ఇంటికొస్తే లేచి పోయిన మనిషి, వాడితో ఒక్క మాటైనా మాట్లాడని మనిషి, తల వంచుకుని శ్రద్ధగా వింటూ, ఆమె ఆగిన చోటల్లా "ఊఁ, ఆమీట?" అంటున్నాడు. దామోదర్‌ను చూసి, మాట్లాడొద్దని చేత్తో సైగ చేసి, చాప మీద కాస్త పక్కకు జరిగాడు.